జాబ్ కార్డులోకి ఎక్కని శబ్దం

రాజధాని కోసం భూములిచ్చిన తుళ్లూరు ప్రాంత రైతులకు మొదటి ఏడాది మెట్ట ఎకరానికి 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలు కౌలు కట్టించారు. ఆ లెక్కన 9 లక్షల కారంటే 30 ఎకరాల మెట్టకు ఒక ఏడాది కౌలు. అంత డబ్బు పోసి కొన్న బండి ఏడాది తిరక్కుండానే మొరాయిస్తుంది. షోరూమ్‌కి వెళ్తే ‘చూద్దాం సార్, వచ్చే వారం రండి’ అంటారు. అప్పుడు ఏ దారి పట్టాలో, ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్లు పడుతుందో చెప్పే అంకెలు చాలానే ఉన్నాయి. వాటన్నిటికీ ఆధారం మాత్రం ఒకే కాగితం.

మా బండి సంగతే చెబుతాను. పెదపరిమి, తాడికొండ మీదుగా గుంటూరు వెళ్తుంటే గుంతలో దిగినప్పుడల్లా ఎడమవైపు ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం. కొని ఏడు నెలలైంది, తిరిగింది 8,200 కిలోమీటర్లు. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ ఏవో బోల్టులు బిగించి పంపారు. నాలుగోసారి బయల్దేరే ముందు పాత జాబ్ కార్డులు, అంటే బండి అప్పగించినప్పుడు వాళ్లు రాసిచ్చే కాగితాలు, తీసి చూస్తే గుండె జారిపోయింది. కస్టమర్ కంప్లయింట్ అన్న గడిలో ఒకదాంట్లో ‘జనరల్ చెకప్’, రెండోదాంట్లో ‘వాటర్ వాష్’, మూడోదాంట్లో మళ్లీ ‘జనరల్ చెకప్’. శబ్దం ఊసే లేదు. కాగితం ప్రకారం నా బండికి ఏ జబ్బూ లేదు.

మిర్చి యార్డులో బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత పడింది అని తక్ పట్టీ చూసుకోకుండా రైతు ఇంటికి రాడు. అదే రైతు సర్వీస్ సెంటర్‌లో మాత్రం చదవకుండా సంతకం పెట్టి తాళాలు ఇచ్చేస్తాడు. నేనూ అదే చేశాను.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగితే తెలుస్తుంది. అక్కడ ‘లెమన్ లా’ అనే చట్టాలున్నాయి. 1982లో కనెక్టికట్ రాష్ట్రంతో మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో అయితే కొన్న 18 నెలల్లో, లేదా 18,000 మైళ్లు తిరిగేలోపు, ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా తీరకపోతే, ప్రాణం మీదకు తెచ్చే లోపమైతే రెండుసార్లకే, లేదా బండి మొత్తం మీద 30 రోజులకు మించి షెడ్డులోనే పడి ఉంటే, కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే భావిస్తారు. ఆ తర్వాత బండి మార్చడమో, డబ్బు తిరిగివ్వడమో. మన చట్టంలో ఇన్నిసార్లు, ఇన్ని రోజులు అన్న అంకె లేదు. కాబట్టి లెక్క మనమే కట్టుకోవాలి, మనమే చూపించాలి. ఎన్నిసార్లు వెళ్లామో, ప్రతిసారీ ఏమని చెప్పామో జాబ్ కార్డు తప్ప మరేదీ చెప్పదు.

అందుకని లోపాన్ని మన మాటల్లోనే రాయించాలి: ‘గుంతలో దిగినప్పుడు ఎడమ ముందు చక్రం వద్ద శబ్దం, ఇది నాలుగోసారి’. తేదీ, మీటరు రీడింగు ఉండాలి. కార్డు ఫొటో తీసుకోవాలి. బండి తిరిగిచ్చేటప్పుడు సర్వీస్ అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పాలి. ‘ఈ మోడల్‌కి ఇది మామూలే సార్’ అంటే ఆ మాటే రాసిమ్మనాలి. అదేరోజు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పంపి, జాబ్ కార్డు నంబర్లన్నీ అందులో వేయాలి.

వారంటీ అంకెలు కంపెనీకొక తీరు. మారుతీ సుజుకీ 2024 జులైలో 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఏది ముందైతే అదే ముగింపు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు లాంటి అరిగే సామాన్లు మామూలుగా అందులోకి రావు. చేల పక్కన రాత్రిళ్లు నిలిపిన కార్లలో ఎలుకలు కొరికిన వైరింగూ రాదు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసినవాళ్ల వారంటీ వేరే ఉంటుంది.

‘బయట చేయించారు, ఇక వారంటీ లేదు’ అనే మాట ఎక్కువగా వింటాం. విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా పని చేయించామని తెలిస్తే చాలు, ఆ మాట వచ్చేస్తుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటూ షరతు పెట్టకూడదని, బయటి పని వల్ల ఏ నష్టం జరిగిందో అంతవరకే వారంటీ తీసేయవచ్చని ఆ ఆదేశంలో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అయినా షోరూమ్‌లో మనం అడగాల్సిన ప్రశ్న అందులోనే దొరికింది: బయట చేసిన పనికి, ఈ లోపానికి సంబంధమేంటో రాసిస్తారా? నా మటుకు నేను వారంటీ ఉన్నన్నాళ్లూ వరుస సర్వీసులు అధీకృత సెంటర్‌లోనే చేయిస్తాను. వాదించే అవసరమే రాకుండా పోతుంది.

మాటలతో తెగకపోతే మొదటి మెట్టు 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ చెప్పుకోవచ్చు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుందే తప్ప ఆర్డరు వేయలేదు. ఆర్డరు వేసేది జిల్లా వినియోగదారుల కమిషన్. మనవాళ్ల నోట ఇప్పటికీ అది ‘కన్జ్యూమర్ కోర్టే’.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మన ఊళ్లకు బాగా పనికొచ్చే మార్పు ఒకటుంది. కారు విజయవాడలో కొన్నా, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా, తుళ్లూరులో కాపురమున్న మనిషి గుంటూరు కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషనే చాలు. రుసుము 5 లక్షల వరకు ఏమీ లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. వెలగపూడి సచివాలయం చుట్టూ ట్యాక్సీ తిప్పుకుంటూ దాని మీదే బతికేవాళ్లూ వినియోగదారులే. సొంత ఉపాధి కోసం కొన్నదాన్ని చట్టం వ్యాపారంగా చూడదు.

గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లే. ‘మళ్లీ రండి’ అంటూ తిప్పించుకున్న నెలలు కూడా అందులోనే కరిగిపోతాయి. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు, అడిగితే మరో 15. ఆ 45 దాటితే ఒక్కరోజు కూడా పెంచడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వస్తువును పరీక్షించనక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్ష కావాల్సింది 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో ఎక్కువే పడుతుంది. ఆర్డరు మీద అప్పీలుకు వెళ్లే కంపెనీ అందులోని మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అమలు చేయకపోతే నెల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఏం అడగాలో కూడా తెలిసి అడగాలి. వారంటీ కాగితం చెడ్డ భాగాన్ని మారుస్తామంటే భాగమే మారుస్తారని, కారంతా మార్చమనడం కుదరదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో తయారైన కారును గోవాలో ఓ డీలర్ 2011 కొత్త కారంటూ అమ్మిన కేసులో, కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు లేదు కాబట్టి కంపెనీ బాధ్యురాలు కాదని 2021లో తీర్పిచ్చింది. కేసులో డీలర్ని, కంపెనీని ఇద్దర్నీ చేర్చి, ఎవరి తప్పేంటో విడివిడిగా రాయాలనడానికి ఇదే కారణం.

కొనుగోలుదారుకు ధైర్యమిచ్చే తీర్పు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 2015లో కొన్న ఓ హ్యుందాయ్ క్రెటాకు 2017 నవంబరులో ప్రమాదం జరిగింది. ముందువైపు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న వేగం, బలం లెక్కలు కట్టడానికి కొన్నవాడేమీ భౌతిక శాస్త్ర నిపుణుడు కానక్కర్లేదన్న భావంతో సుప్రీంకోర్టు బండి మార్పిడిని, ఖర్చులతో కలిపి 3 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. గెలిచిన మనిషికే ప్రమాదం నుంచి చివరి తీర్పు దాకా నాలుగున్నరేళ్లు పట్టింది. అందుకే నేను ముందు జాబ్ కార్డు దగ్గరే గెలవమంటాను.

నాలుగోసారి నేను పెన్ను తీసుకుని ఆ గడిలో నా చేత్తోనే రాశాను. అడ్వైజర్ని పక్కన కూర్చోబెట్టుకుని లాం గ్రామం దాకా పోనిచ్చాను. రెండో గుంతలో శబ్దం అతనికీ వినబడింది, దిగి చక్రం పట్టుకుని ఊపి చూశాడు. మూడు రోజులకు సస్పెన్షన్‌లో భాగం మార్చి బండి అప్పగించారు. బిల్లులో దాని ఎదుట ‘వారంటీ’ అని, కింద కట్టాల్సిన మొత్తం దగ్గర 0 అని ఉంది. ఆ కాగితాన్ని మిగతా మూడింటితో కలిపి ఆర్‌సీ ఫైలులో పెట్టాను.