విత్తన సంచి మీద పేరు ఎవరిది?

ధర్మవరం పట్టుచీర అన్న పేరుకు చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ప్రాంతం వెలుపల నేసిన చీరను ఆ పేరుతో అమ్మకూడదు. అలాగే ఒక కంపెనీ తన పేరును, గుర్తును 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద నమోదు చేసుకుంటే ఇతరులు వాటిని వాడకూడదు. ఇవి కంపెనీల తగాదాలు, మనకెందుకని అనుకోవద్దు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో వేరుశనగ విత్తనం కొనే, అమ్మే ప్రతి రైతుకూ వీటితో పని పడుతుంది.

కొనేటప్పుడు

పేరున్న కంపెనీ పేరులో ఒకటి రెండు అక్షరాలు మార్చి అమ్మేవారు ఉంటారు. "అమృతధార", "లక్ష్మణధార" అనే మందుల పేర్ల తగాదాలో 1962లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. రెండు పేర్లను పక్కపక్కన పెట్టి అక్షరాలు పోల్చడం కాదు, పేరు లీలగా గుర్తున్న మామూలు మనిషి పొరబడతాడా అన్నదే చూడాలి. కొనేవారిలో పల్లెవాసులు, చదువురానివారు కూడా ఉంటారని కోర్టు గుర్తుచేసింది. అయితే కోర్టు తీర్పు వచ్చేదాకా అదను ఆగదు. అందుకే ముందే జాగ్రత్త పడండి.

• ధ్రువీకరించిన విత్తనానికి నీలిరంగు ట్యాగు ఉండాలి.
• లాట్ నంబరు, పరీక్ష తేదీ చూడండి. వేరుశనగలో మొలక కనీసం 70 శాతం ఉండాలి.
• బిల్లులో రకం, లాట్ నంబరు రాయించుకోండి.
• సంచి, ట్యాగు, బిల్లు, గుప్పెడు విత్తనం పంట చేతికి వచ్చేదాకా దాచండి.
• అనుమానం వస్తే విత్తకముందే మండల వ్యవసాయాధికారికి చెప్పండి.

అమ్మేటప్పుడు

2019లో గుజరాత్‌లో తమ బంగాళాదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ పెప్సికో కంపెనీ కొందరు రైతులపై దావా వేసింది. నలుగురి నుంచి తలా రూ.కోటికి పైగా పరిహారం అడిగింది. నిరసనలు రావడంతో మే నెలలో దావాలు వెనక్కు తీసుకుంది. అప్పుడు రైతుల తరఫున అందరూ చూపింది 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని సెక్షన్ 39. దాని ప్రకారం మీ పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, తోటి రైతుకు అమ్మవచ్చు. రక్షణ పొందిన రకమైనా సరే ఈ హక్కు మీదే.

ఒక్క హద్దు ఉంది. దాన్ని బ్రాండ్ విత్తనంగా అమ్మకూడదు. అంటే సంచిలో నింపి, రక్షణ పొందిన ఫలానా రకమని లేబుల్ అంటించి అమ్మకూడదు.

కంపెనీ పేరు అచ్చయిన పాత సంచుల్లో ఇంటి విత్తనం నింపి అమ్మడం మరీ ప్రమాదం. ఇతరుల ట్రేడ్ మార్కును తప్పుగా వాడినట్టు రుజువైతే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి పేరు లేని మామూలు గోనెసంచిలో, మీ ఇంటి దగ్గరే, విత్తుకునే రైతుకే నేరుగా అమ్మండి. ఇచ్చేముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూపించండి. కంపెనీ పేరు లేకపోయినా, కొనే రైతుకు అదే నమ్మకం.