కంప్యూటరును ఎప్పుడు ఆపవలెను?

10 వాట్ల రౌటరు రేయింబవళ్లు పనిచేసినచో ఏడాదికి సుమారు 88 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. రాత్రి 8 గంటలు ఆపినచో అందు మూడవ వంతు మిగులును. అంతే!

కంప్యూటరు సంగతి వేరు. నిద్రావస్థలో అది వాడు విద్యుత్తు స్వల్పమే గాని, మనము భద్రపరచని పని యంతయు ర్యామ్‌లోనే యుండును. అందలి ప్రతి బిట్టును అతిసూక్ష్మమైన కెపాసిటరులో నిలిచిన విద్యుదావేశము. చిల్లికుండలోని నీటివలె అది కారిపోవుచుండుటచే సెకనుకు పలుమార్లు తిరిగి నింపవలసి యుండును. కరెంటు పోయినచో పనియు పోవును. కావున కోతలున్న యూళ్లలో బ్యాటరీ లేని కంప్యూటరును రాత్రి పూర్తిగా ఆపుటయే మేలు.

పిడుగుల వేళ స్విచ్చిని నమ్మరాదు. కిలోమీటర్ల గాలిని చీల్చుకొనివచ్చు మెరుపునకు స్విచ్చిలోని మిల్లీమీటర్ల యెడము ఒక అడ్డా? ఉరుములు సమీపించకముందే ప్లగ్గు ఊడదీయవలెను. రౌటరుకు వచ్చు గాజుతంతువు విద్యుత్తును మోయదు గాని, దాని అడాప్టరు తీగ మోయును.