పక్కా ఇల్లు అంటే ఏది? జనగణన లెక్క ఇదీ

2011 జనగణన ప్రకారం దేశంలో 24.67 కోట్ల కుటుంబాలున్నాయి. ఇళ్లలో 60 శాతానికి పైగా శాశ్వత గృహాలు, అంటే మనం పక్కా ఇళ్లు అనేవే. 2001లో ఇవి 52 శాతం. అదే జనగణనలో ఇంకో లెక్క చూడండి: 47 శాతం కుటుంబాల ఇళ్లలో నేల మట్టిదే. 60, 47 కలిపితే వంద దాటి ఏడు మిగులుతుంది. అంటే వందలో కనీసం ఏడు కుటుంబాలు పక్కా ఇంట్లో ఉంటూనే మట్టినేల అలుక్కుంటున్నాయన్నమాట. లెక్క తప్పలేదు. ఇళ్లను విడదీసే పద్ధతే అలా ఉంది.

గోడ, కప్పు... అంతే!

ఎన్యూమరేటర్ ఇంటికి వచ్చి నేల, గోడ, కప్పు దేనితో కట్టారో రాసుకుంటారు. రెండు మూడు రకాలు కలిసి ఉంటే ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. 2011 ఫారంలో గోడకు 10 కోడ్‌లు, కప్పుకు 10 కోడ్‌లు ఇచ్చారు. కాగితం మీద ఇవి 100 జోడీలు. వాటిని మూడు గంపల్లోకి సర్దుతారు:

• శాశ్వత గృహం: గోడ, కప్పు రెండూ గట్టివై ఉండాలి. గోడకు కాల్చిన ఇటుక, సున్నం లేదా సిమెంటుతో అతికిన రాయి, కాంక్రీటు, రేకు. కప్పుకు పెంకు, రాయి, పలక, ఇటుక, రేకు, కాంక్రీటు.
• అర్ధ శాశ్వత గృహం: రెండింటిలో ఒకటే గట్టిది.
• తాత్కాలిక గృహం: రెండూ గట్టివి కావు. ఇందులోనూ గోడ మట్టిదో, పచ్చి ఇటుకదో, చెక్కదో అయితే ‘పనికొచ్చేది’. గడ్డి, తాటాకు, వెదురు, పాలిథిన్ అయితే ‘పనికిరానిది’.

ఈ వర్గీకరణలో నేలకు చోటు లేదు. వివరం రాసుకుంటారు, వేరే పట్టికలో ఇస్తారు. ఇంటి రకం తేల్చేటప్పుడు మాత్రం చూడరు.

మిద్దె ఓడింది, రేకు గెలిచింది

రాయలసీమ చౌడు మిద్దెనే తీసుకోండి. సున్నంతో కట్టిన రాతిగోడలు, కర్ర దూలాలు, పైన చౌడుమట్టి. మూడు తరాలు కాపురం చేసినా కప్పు మట్టిది కాబట్టి అది అర్ధ శాశ్వతమే. నాలుగు వైపులా రేకులు బిగించి, పైన ఇంకో రేకు వేస్తే అది మాత్రం శాశ్వత గృహం. మే నెలలో అందులో కూర్చోగలమా అన్నది లెక్కకు అక్కర్లేని ప్రశ్న.

కప్పుల లెక్క విడిగా చూస్తే అసలు మార్పు తెలుస్తుంది. 2001 నుంచి 2011కి కాంక్రీటు కప్పు 20 నుంచి 29 శాతానికి, రేకుల కప్పు 12 నుంచి 16కి పెరిగాయి. గడ్డి, తాటాకు వంటివి 22 నుంచి 15కి, పెంకు 33 నుంచి 24కి తగ్గాయి. ఇటుక గోడల పెంకుటిల్లు విప్పి శ్లాబు వేసుకుంటే ఆ కుటుంబానికి అది పెద్ద ఖర్చు, పెద్ద మార్పు. శాశ్వత గృహాల శాతంలో మాత్రం దాని జాడే ఉండదు. అప్పుడూ శాశ్వతమే, ఇప్పుడూ శాశ్వతమే.

సర్వే మారితే అర్థం మారుతుంది

2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో గ్రామాల్లో 76.7 శాతం, పట్టణాల్లో 96 శాతం కుటుంబాలు పక్కా ఇళ్లలో ఉన్నట్లు తేలింది. దీన్ని 2011 జనగణన పక్కన పెట్టి ‘ఏడేళ్లలో ఇంత పెరిగింది’ అనేయడం సరికాదు. నమూనా సర్వే దృష్టిలో కలప, ప్లైవుడ్ కూడా పక్కా సామగ్రే. జనగణనలో చెక్క గోడ తాత్కాలికం.

భూకంపం లెక్క ఇంకోటి. నిర్మాణ సామగ్రిపై పనిచేసే కేంద్ర సంస్థ బీఎంటీపీసీ 1997లో తొలిసారి తెచ్చిన ప్రమాద పటం జనగణన వివరాలనే తీసుకుని ఇళ్లను వేరేగా విడదీస్తుంది. అక్కడ మట్టి, పచ్చి ఇటుకతో పాటు రాతిగోడ కూడా ఎక్కువ ప్రమాదమున్న వర్గంలోకి వస్తుంది. కారణం 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపంలో కనిపించింది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు కూలి వేలమంది చనిపోయారు. 2011 ఫారం రాతిగోడను ‘సున్నం, సిమెంటు వంటి వాటితో అతికింది’, ‘అతకనిది’ అని రెండు కోడ్‌లుగా చీల్చడం అందుకే పనికొచ్చే మార్పు.

ఈసారి మీ ఇంటికి వచ్చినప్పుడు

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల ఆగింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రాతిపదికగా పెట్టుకుని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశ ఇళ్ల గణనే. పథకం పోతుందేమోనని ఉన్న ఇంటిని తక్కువ చేసి చెప్పొద్దు, పరువు కోసం ఎక్కువ చేసీ చెప్పొద్దు. ఇళ్ల పథకమైన గ్రామీణ ఆవాస్ యోజన అర్హులను మొదట గుర్తించింది 2011 నాటి సామాజిక ఆర్థిక, కుల గణనతో. అది వేరే లెక్క. జనగణనలో మీరు చెప్పే వివరాలను 1948 నాటి చట్టం గోప్యంగా ఉంచుతుంది. గోడ ఏదో, కప్పు ఏదో, నేల ఏదో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫలితాలు వచ్చాక ‘పక్కా’ శాతం దగ్గరే ఆగకుండా ఆ మూడు పట్టికలూ విడివిడిగా చూడండి.