ఆముదం తాగే చిట్టి ఇంజను

మీ గుప్పిట్లో ఇమిడిపోయేంత ఇంజను. అయినా నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 200 అన్నమాట! నమూనా విమానాల ముక్కున ప్రొపెల్లరును తిప్పేది ఇదే. ఇప్పుడు బ్యాటరీ మోటార్లు దీని చోటును చాలావరకు ఆక్రమించాయి గాని, ఇంజను గుట్టు తెలుసుకోవాలంటే దీన్ని మించిన గురువు లేదు.

అయితే ఒకే రకం ఇంజను ఒకరి విమానాన్ని రివ్వున ఎగరేస్తుంది. మరొకరి విమానంలో దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఎందుకు?

ముందు అది తాగేదేమిటో చూద్దాం. పెట్రోలు కాదు, మిథైల్ ఆల్కహాలు. అందులో సుమారు అయిదో వంతు ఆముదం. అవును, మన పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో పండే ఆముదమే! మామూలు ఇంజను ఆయిలు మిథైల్ ఆల్కహాలులో కలవదు. ఆముదం చక్కగా కలుస్తుంది, బాగా వేడెక్కినా పిస్టనుకూ సిలిండరుకూ మధ్య పొరలా నిలుస్తుంది. కృత్రిమ నూనెలు వాడేవారూ ఉన్నారు. ఏదైనా సరే, ఈ ఇంజనుకు వేరే నూనె తొట్టి లేదు. ఇంధనంతో వచ్చిన నూనే దానికి దిక్కు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక గ్రాము పెట్రోలు కాలడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. మిథైల్ ఆల్కహాలుకు ఆరున్నర గ్రాములు చాలు. సిలిండరులో పట్టే గాలి కొంచెమే కదా! ఆ కొంచెం గాలితోనే ఎక్కువ ఇంధనం కాలుతుంది. నైట్రోమీథేనుకు రెండు గ్రాముల గాలైనా అక్కర్లేదు. అందుకే బలం కోరేవారు దాన్నీ కాస్త కలుపుతారు.

మరి నిప్పు ఎక్కడిది? 1947లో అమెరికాలో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్గులో ప్లాటినం కలిసిన తీగచుట్ట ఉంటుంది. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకోగానే బ్యాటరీ తీసేస్తారు. తీగ మాత్రం చల్లారదు! ప్లాటినం ఉత్ప్రేరకం కనుక మిథైల్ ఆల్కహాలు ఆవిరి తగిలినప్పుడల్లా వేడి పుడుతూనే ఉంటుంది.

ఇక అసలు కిటుకు, సూది వాల్వు. బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఎంత తిప్పాలో మీ చెవే చెబుతుంది. ఇది రెండు స్ట్రోకుల ఇంజను, ప్రతి చుట్టుకూ ఒకసారి మండాలి. ఇంధనం మరీ ఎక్కువైతే చుట్టు విడిచి చుట్టు మండుతుంది. అప్పుడు గొంతు బొంగురు, వెనక బోలెడు పొగ. మెల్లగా బిగిస్తూ పోతే ఒక్కసారిగా గొంతు సన్నబడి కీచుమంటుంది. మరికాస్త బిగిస్తే వేగం శిఖరానికి చేరుతుంది.

చాలామంది అక్కడే వదిలేస్తారు. అక్కడే చెడుతుంది! విమానం ముక్కెత్తగానే ట్యాంకు ఇంజను కంటే కిందికి పోయి, ఇంధనం అందడం తగ్గుతుంది. ఇంధనం తగ్గితే నూనే తగ్గినట్టే కదా? ఇంజను కాగిపోతుంది, పిస్టను గీసుకుపోతుంది, విమానం నేలకూలుతుంది. కనుక శిఖరం అందాక సూదిని వెనక్కి కాస్త వదలాలి. తర్వాత విమానాన్ని గట్టిగా పట్టుకొని ముక్కును ఆకాశం వైపు ఎత్తి వినండి. రాగం కుంగిందా, ఇంకా వదలాలి. నిలిచిందా, సిద్ధం.

ప్రొపెల్లరు సంగతీ ఉంది. దానిమీద 10×6 అని ఉంటే వ్యాసం 10 అంగుళాలు. జారకుండా మరలా దిగితే ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకు పోతుందని రెండో అంకెకు అర్థం. మరీ పెద్ద ప్రొపెల్లరు తగిలిస్తే, ఎద్దుకు మోయలేని బరువు కట్టినట్టు, ఇంజను తన పూర్తి బలం చూపే వేగాన్నే అందుకోలేదు. అప్పుడు 9×6 వేసి చూడాలి. బరువైన, నెమ్మది విమానానికి మాత్రం పెద్దదే మేలు.

ఆ 10 అంగుళాల ప్రొపెల్లరు కొస గంటకు 570 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. వేలు తగిలితే తెగుతుంది. ఎప్పుడూ వెనకనుంచే సూదిని తిప్పాలి. పక్కన, ప్రొపెల్లరు తిరిగే వరుసలో ఎవరూ నిలబడరాదు. మిథైల్ ఆల్కహాలు విషం, మింగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. పట్టపగలు దాని మంట కంటికి కనిపించదు కూడా. తెలిసిన పెద్దలు దగ్గర లేనిదే సీసా మూత తీయకండి.

ఆట ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు కాలిపోయేదాకా ఇంజను తిప్పండి. మిథైల్ ఆల్కహాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బేరింగులు తుప్పు పడతాయి. లోపల నాలుగు చుక్కలు నూనె వేసి, ప్రొపెల్లరును చేత్తో పదిసార్లు తిప్పి, గుడ్డలో చుట్టి పెట్టండి.