క్లౌడు ఫైళ్ళను చదువు సాధనము: ఏజెంటు 'లేదు' అను మాటకు ప్రామాణ్యమెంత?

'ఈ ప్రయోగము ఈ గ్రంథమున లేదు' అని వ్రాయుట, 'కలదు' అని వ్రాయుటకంటె కష్టము. కలదనుటకు ఒక పుట చూపిన చాలును; లేదనుటకు గ్రంథమంతయు చదివియుండవలెను. ఇంతకాలము ఆ చదువు పరిశోధకుడే చదివెడివాడు. ఇప్పుడు కృత్రిమమేధతో నడచు ఏజెంటునకు ఆ పని నప్పగించు ఆచారము మొదలైనది. గ్రంథప్రతులు, సిద్ధాంతవ్యాసములు క్లౌడు నిల్వలలో నుండును. ఏజెంటు వానిని చదివి సమాధానము చెప్పును. ఆ చదువు ఎట్లు జరుగునో తెలియక ఆ సమాధానమును ప్రమాణముగా గ్రహింపరాదని మా యభిప్రాయము.

ఏజెంటునందలి భాషానమూనా తనంత తాను ఏ ఫైలును తెరువజాలదు. దానికి ఇయ్యబడిన సాధనముల పేర్లు, అవి చేయు పనులు ముందుగా వ్రాతమూలమున తెలుపబడును. ఫైలు కావలసినపుడు అది 'ఈ సాధనమును ఈ పేరుతో నడుపుడు' అను అభ్యర్థనను మాత్రము వ్రాయును. నెరవేర్చునది వేరొక ప్రోగ్రాము. అది క్లౌడునుండి ఫైలును తెచ్చి, అందలి పాఠమును వేరుచేసి, నమూనా ముందుంచును. ఇట్టి సాధనములను ఒకే తీరున జోడించుటకై ఆంత్రొపిక్ సంస్థ 2024 నవంబరులో 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను పద్ధతిని ప్రకటించెను. గ్రంథాలయములోనికి పోలేని పండితునకు పరిచారకుడు పుటలు తెచ్చి యిచ్చుట వంటి దిది. పరిచారకుడు తేని పుటను పండితుడు చూడలేదు. తేలేదని పరిచారకుడు చెప్పనిచో, అట్టి పుట యున్నదనియు నెరుగడు.

ఫైళ్ళ పట్టికతోనే చిక్కు మొదలగును. 2006లో ఆరంభమైన అమెజాన్ ఎస్3 నిల్వలో ఒక అభ్యర్థనకు 1000 పేర్లకు మించి రావు. మిగిలినవానికై మరల అడుగవలెను. సాధనము వ్రాసినవాడు ఆ రెండవ యడుగును మరచెనేని, తరువాతి ఫైళ్ళు లేనట్లే. ఆ నిల్వలో సామాన్యముగా పేర్లు యూటీఎఫ్-8 సంకేతముల క్రమమున వచ్చును. ఆ క్రమమున ఆంగ్లాక్షరములు ముందు, తెలుగక్షరములు వెనుక. కావున తెలుగున పేరు పెట్టిన ఫైళ్ళే మొదట జారిపోవును. మన శాఖలవారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను.

పరిమాణము సంగతియు నట్టిదే. నమూనా ఒక్కమారు చూడగల పాఠమునకు హద్దు కలదు గనుక సాధనములు ఫైలును ఖండములుగా తెచ్చును. ఒక సాధనము 30,000 బైట్లకు మించి తేదనుకొందము. ఆంగ్లమున నది 30,000 అక్షరములు. తెలుగున ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు గనుక 10,000 సంకేతములే. 'శ్రీ' అను ఒక్క యక్షరమునకు నాలుగు సంకేతములు, 12 బైట్లు. కోత ఆరవ బైటు తరువాత పడినచో ఒక ఖండము 'శ్'తో ముగియును, మరియొకటి 'రీ'తో మొదలగును.

వీనికంటె పెద్దచిక్కు పాఠమును వేరుచేయుటలో నున్నది. పాతపుస్తకమును స్కాను చేసిన పీడీఎఫ్‌లో నుండునవి బొమ్మలు, అక్షరములు కావు. అక్షరములను గుర్తించు ఏర్పాటు లేని సాధనము అట్టి ఫైలునుండి శూన్యమును తెచ్చును. ఏజెంటునకు శూన్యమైన ఫైలునకు, చదువరాని ఫైలునకు భేదము తెలియదు. యూనికోడునందు తెలుగు 1991లోనే చేరినను, అటుపిమ్మట చాలకాలము ముద్రణకు వేరు పద్ధతి ఫాంటులే వాడబడెను. 'అను' ఫాంటులు ఇందులకు ప్రసిద్ధోదాహరణము. అట్టి ఫైలు కంటికి తెలుగుగానే కనబడును, తీసిన పాఠము మాత్రము అర్థములేని గుర్తుల వరుస. ఇక శుద్ధమైన యూనికోడు పాఠమందైనను, అరసున్నతో వ్రాసిన 'తెనుఁగు' వేరు, అది లేని 'తెనుగు' వేరు. అక్షరమక్షరము పోల్చి వెదకు సాధనమునకు ఒకదానిని అడిగిన రెండవది దొరకదు. అరసున్నలు, శకటరేఫములు గల ప్రాచీనపాఠములతో పనిచేయు విద్యార్థికి 'దొరకలేదు' అను సమాధానము వచ్చుటకు ఇదొక్కటియే చాలును. సాధనము పాఠమును మార్పక యుంచి, వెదకుటకొరకు మాత్రము రెండు రూపములను కలిపి చూచుట మేలని మాకు తోచుచున్నది. పాఠమునే దిద్దు సాధనము పరిష్కర్త పనిని అడుగక చేయుచున్నదన్నమాట.

అనుమతుల విషయము క్లుప్తముగా చెప్పుదుము. చదువుటకు వచ్చిన సాధనమునకు వ్రాయుటకు, తొలగించుటకు అధికార మీయరాదు. గూగుల్ డ్రైవునందు చదువుటకు మాత్రమే పరిమితమైన అనుమతి కలదు. ఫైలులోని వాక్యము నొకదానిని ఏజెంటు మన యాజ్ఞగా భ్రమించుటయు సంభవమే గనుక, ఈ హద్దు అవసరము.

సాధనము పాఠముతోపాటు ఫైలు పేరు, మొత్తము పుటలు, తెచ్చిన పుటలు, కోత పడినదా లేదా, పాఠము ఏ రీతిని తీయబడినది అను వివరములను నమూనాకు తప్పక అందింపవలెను. పాఠము తీయ వీలుకానపుడు ఊరకుండక, వీలుకాలేదని స్పష్టముగా చెప్పవలెను. సిద్ధాంతవ్యాసమున అభావమును ఏజెంటు మూలమున నిర్ణయించు విద్యార్థి యీ వివరములను అధస్సూచికలో నిచ్చుట న్యాయము. దానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును: గ్రంథము చివరి పుటలో తాను కన్నులార చూచిన, మరెచ్చటను లేని ఒక పదమును, అరసున్న గలదానినే యెన్నుకొని, ఉన్నదా యని ఏజెంటు నడుగవలెను.