నొప్పి లేని కిడ్నీ వాపు – ఇంట్లో చేయాల్సిన సేవ

మార్చి నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. ఆ సందర్భంగా మన బడి పిల్లలకు, తల్లిదండ్రులకు దీర్ఘకాలిక కిడ్నీ వాపు గురించి కొన్ని సంగతులు. శ్రీకాకుళం వైపు బంధువులు ఉన్నవాళ్ళు తప్పక చదవండి.

అసలు ఏం జరుగుతుంది?

ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల సన్నని వడపోత గొట్టాలుంటాయి. వాటికో, వాటి మధ్య ఉండే కణజాలానికో వాపు వచ్చి ఏళ్ళ తరబడి తగ్గకపోతే అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన భాగం మళ్ళీ పనిచేయదు. ఈ వాపు పైకి కనిపించదు, నొప్పీ ఉండకపోవచ్చు. అందుకే చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్తారు.

ఉద్దానం చెప్పే పాఠం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వంటి మండలాలున్న కొబ్బరితోటల ప్రాంతమే ఉద్దానం. అక్కడ షుగర్, బీపీ లేనివాళ్ళకీ ఈ జబ్బు వచ్చింది. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, వంశం అన్నీ పరిశీలించారు, కానీ కచ్చితమైన కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఉద్దానంలో ఎక్కువగా కనిపించేది గొట్టాల మధ్య కణజాలం దెబ్బతినే రకం. ఇందులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపూ ఉండకపోవచ్చు. కాబట్టి ఒక్క మూత్ర పరీక్షతో ఆగకండి, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి కూర్చుని తినొచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

• రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించాలి. బీపీ కూడా రాసిపెట్టండి.

• ఉప్పు అన్నీ కలిపి రోజుకు చెంచాడు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు దూరం పెట్టాలి.

• "నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది" అనే మాట అందరికీ పనికిరాదు. డాక్టరు చెప్పిన కొలతే తాగించాలి.

• రోగిని చూడ్డానికి కొబ్బరి బొండాలు పట్టుకెళ్ళడం మనకు అలవాటు. జబ్బు ముదిరినవాళ్ళకు అందులోని పొటాషియం గుండెకే ప్రమాదం. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లోనూ చాలావాటిలో పొటాషియమే ఉంటుంది. డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

• ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకోవద్దు. నాటు మందులు, భస్మాలూ వద్దు.

• డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి బీపీ చూడనివ్వకండి, సూదులు వేయనివ్వకండి. ఆ చేతిమీద పడుకోకూడదు. రోజూ వేళ్ళతో తాకితే సన్నగా అదురు తెలియాలి. తెలియకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

పడుకుంటే ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, కాళ్ళూచేతుల్లో సత్తువ లేకపోవడం, మగత – వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో కిడ్నీ జబ్బులకు ప్రత్యేకంగా ప్రభుత్వ నెఫ్రో-యూరాలజీ సంస్థ ఉంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్ళండి.

పిల్లలూ, తాతగారి బరువు, బీపీ రోజూ నోటుబుక్కులో రాసే పని మీరు తీసుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఆ అంకెలే.