వికారాన్ని శమింపజేసే మణికట్టు బిందువు

ఘాట్ రోడ్డు ప్రయాణంలోనూ, గర్భం ధరించిన తొలి మాసాలలోనూ, శస్త్రచికిత్స అనంతరం మత్తు వీడే సమయంలోనూ కలిగే వికారం మనిషిని ఎంతగానో కుంగదీస్తుంది. అట్టి వేళ ఉపకరించగల బిందువొకటి మన ముంజేతిపైనే ఉన్నది. చైనా సంప్రదాయ వైద్యంలో దాని పేరు ‘నెయ్‌గ్వాన్’. లోపలి ద్వారమని అర్థం. హృదయావరణ మార్గంలోని తొమ్మిది బిందువులలో ఇది ఆరవది కనుక ఆక్యుపంక్చర్ వైద్యులు ‘పి.6’ అని వ్యవహరిస్తారు.

గుర్తించే విధానం

అరచేతిని పైకి త్రిప్పి ఉంచాలి. మణికట్టు ముడతకు ఆనించి రెండవ చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వ్రేళ్ళను అడ్డంగా పెట్టాలి. ఆ మూడు వ్రేళ్ళ వెడల్పు దాటిన చోట, త్రాళ్ళవలె తగిలే రెండు స్నాయువుల నడుమ గల పల్లమే ఈ బిందువు. పిడికిలి బిగించి మణికట్టును కొద్దిగా వంచినచో స్నాయువులు స్పష్టంగా తేలుతాయి. కొలతకు రోగి వ్రేళ్ళ వెడల్పే ప్రమాణం. పెద్దల వ్రేళ్ళతో పిల్లల చేతిని కొలిస్తే బిందువు తప్పిపోతుంది.

నొక్కే విధానం

బొటనవ్రేలితో రెండు మూడు నిమిషాలు నిదానంగా, స్థిరంగా నొక్కి, పిమ్మట రెండవ చేతికీ అట్లే చేయాలి. కొద్దిపాటి బరువు తోచుట సహజం. అయితే ఈ బిందువు అడుగున ముఖ్యమైన నరమొకటి సాగుతుంది. వ్రేళ్ళలోనికి జివ్వుమని నొప్పి ప్రాకితే ఒత్తిడి తగ్గించాలి. సూది గుచ్చుట శిక్షణ పొందిన వైద్యుని పని. గృహవైద్యంలో దానికి తావులేదు.

పరిశోధనల ఫలితం

1980వ దశకంలో బెల్‌ఫాస్ట్ నగరంలో మత్తువైద్య నిపుణుడు జె.డబ్ల్యు.డండీ ఈ బిందువును పరీక్షించారు. 2015 నాటి కోక్రేన్ సమీక్ష 59 పరిశోధనలను క్రోడీకరించింది. శస్త్రచికిత్సానంతర వికారం, వాంతుల నివారణలో నకిలీ చికిత్సకంటే ఇది మెరుగని, వాంతుల మందులకూ దీనికీ చెప్పుకోదగిన తేడా లేదని తేల్చింది. ప్రయాణ వికారంలోనూ, వేవిళ్ళలోనూ ఫలితాలు ఏకరీతిగా లేవు.

హెచ్చరిక

గుండెదడకు, ఛాతీ బిగువుకు కూడా చైనా వైద్యులు ఈ బిందువును వాడుతారు. ప్రమాదం ఇక్కడే పొంచి ఉన్నది. వికారంతోపాటు ఛాతీలో నొప్పి, చెమటలు, చేతిలోనికో దవడలోనికో లాగుడు ఉన్నచో అది గుండెపోటు కావచ్చును. అజీర్తి అని భ్రమించి బిందువు నొక్కుతూ కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణికి మంచినీరు సైతం ఇమడక మూత్రం తగ్గిపోయినా, వాంతిలో రక్తం కనిపించినా వైద్యుని ఆశ్రయించుటే శ్రేయస్కరం.